తూటా లెక్క

డిగ్రీ రెండో ఏడు ఎన్‌సీసీ క్యాంపులో నేను మొదటిసారి తుపాకి పేల్చాను. పాయింట్ టూటూ రైఫిలు. ఇసక బస్తా వెనక బోర్లా పడుకోవాలి. ఒక్కొక్కరికి ఐదు తూటాలు. మాకు పేల్చడం నేర్పే ఉస్తాద్ వాటిని పైకి లెక్కపెడుతూ మన అరచేతిలో పెట్టేవాడు. పేల్చడం అయ్యాక ఐదు ఖాళీ ఖోఖాలూ ఏరి, మళ్ళీ పైకి లెక్కపెట్టి ఆయనకి అప్పజెప్పాలి. నా దగ్గర నాలుగే తేలాయి.

అంతే, ఫైరింగ్ ఆగిపోయింది. ముప్ఫైమందిమి మోకాళ్ళ మీద పాకుతూ గడ్డంతా దువ్వాం. వేలి కణుపంత కూడా లేని ఇత్తడి గొట్టం కోసం ముప్పావుగంట. అవతల మధ్యాహ్నం భోజనం చల్లారిపోతోంది. మావాళ్ళు నన్ను చూసిన చూపులు ఇప్పటికీ గుర్తే. చివరికి అది మోచేతి పైకి మడిచిన నా చొక్కా మడతలోనే దొరికింది. ఎగిరొచ్చి అందులో పడినట్టుంది, టెన్షన్‌లో నాకు తెలియనే లేదు. ఉస్తాద్ ఐదోది తీసుకుని, రిజిస్టర్‌లో టిక్కు పెట్టుకుని, "నెక్స్ట్" అన్నాడు. టార్గెట్ మీద నా తూటాలు ఎక్కడ తగిలాయో ఆ రోజు ఎవరూ చూడలేదు.

ఆ తరవాత పాత మిలటరీ రైఫిళ్ళ గురించి చదవడం ఒక పిచ్చిగా పట్టుకుంది (ఇంట్లో దీనికి ఇంకో పేరుంది, ఇక్కడ రాయను). బోల్ట్ యాక్షన్ రైఫిల్ చరిత్రని మామూలుగా కనిపెట్టినవాళ్ళ కథగా చెబుతారు. డ్రైజె ఇది చేశాడు, మౌజర్ అన్నదమ్ములు అది చేశారు, లీ ఇంకోటి చేశాడు అని. అది సగం కథే. మిగతా సగం మా ఉస్తాద్ రిజిస్టర్. వేగంగా పేలే తుపాకి సిపాయి చేతికిస్తే తూటాలన్నీ దుబారా చేసేస్తాడని పైవాళ్ళకి ఒక భయం. ఆ భయం రిజిస్టర్లలో ఆగలేదు, తుపాకి ఇనుములోకి కూడా ఎక్కింది. నేను చెప్పదలుచుకున్నది దాని గురించే.

ముందు బోల్ట్ అంటే ఏమిటో ఒక్క మాట. రాత్రి పడుకునే ముందు "తలుపు బోల్టు వేశావా?" అని అడుగుతామే, అదే. గుండ్రటి ఇనప కడ్డీ, దానికో పిడి. పిడి పైకెత్తి వెనక్కి లాగితే తెరుచుకుంటుంది, ముందుకి తోసి కిందికి దించితే మూసుకుని బిగుస్తుంది. రైఫిల్‌లో ఈ కడ్డీ గొట్టం వెనక మూతిని మూస్తుంది. ఎత్తు, లాగు, తోయి, దించు. లాగినప్పుడు ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది, తోసినప్పుడు కొత్తది లోపలికి పోతుంది.

ఈ తలుపు పోలిక నేను కల్పించింది కాదు. సైన్యానికి పనికొచ్చే బోల్ట్ తుపాకిని మొదట తయారుచేసిన యోహాన్ నికొలాస్ డ్రైజె తాళాలు చేసే వాళ్ళింటి పిల్లవాడు. 1787లో జర్మనీలోని సోమర్డా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, తండ్రి దగ్గర ఆ పనే నేర్చుకున్నాడు. తరవాత పారిస్‌లో పౌలీ అనే స్విస్ తుపాకుల నిపుణుడి దగ్గర కొన్నేళ్ళు పనిచేశాడు. 1836 నాటికి వెనక నుంచి తూటా ఎక్కించే తుపాకి ఆయన చేతిలో తయారైంది. తాళాలవాడి కొడుకు కాబట్టే తుపాకికి గడియ పెట్టాలని తోచిందేమో. రుజువు అడగొద్దు, నాకలా అనుకోవడం ఇష్టం.

దాన్ని సూది తుపాకి అనేవారు. తూటా కాగితం పొట్లం. ముందు సీసపు గుండు, దాని అడుగున కాగితం గుజ్జుతో చేసిన బిళ్ళ, ఆ బిళ్ళకి అంటించిన చిటికెడు అగ్గిమందు, దాని వెనక అసలు మందు. ట్రిగ్గర్ నొక్కితే పొడుగాటి సూది పొట్లాన్ని వెనకనుంచి పొడిచి, మందంతా దాటుకుని వెళ్ళి, ఆ చిటికెడు అగ్గిమందుని గుచ్చుతుంది. అంటే పేలిన ప్రతిసారీ సూది నిప్పుల మధ్యలో ఉంటుంది. విరిగిపోయేది కూడా. అందుకే సిపాయిలు అదనపు సూదులు దగ్గర పెట్టుకునేవారు. బోల్ట్ సందులోంచి వేడిగాలి మొహానికి కొడుతోందని కొందరు తుపాకిని చెంపకి ఆనించకుండా నడుం దగ్గర పెట్టుకునే పేల్చేవారట. చూడ్డానికి అంత గొప్ప వస్తువేం కాదన్నమాట.

కానీ ఒక పని చేసింది. అప్పటిదాకా తుపాకిలో మందు మూతిలోంచి పోయాలి, గుండు వేసి ఇనప కమ్మీతో దట్టించాలి. మనిషి పొడుగు తుపాకికి ఈ పనంతా నిలబడితేనే సాధ్యం. నిలబడితే శత్రువుకి కనిపిస్తాడు, అయినా తప్పదు. సూది తుపాకి వచ్చాక మామూలు సిపాయి కూడా గడ్డిలో బోర్లా పడుకుని, అక్కడినుంచి కదలకుండా నింపుకోగలిగాడు. నిమిషానికి ఎన్నిసార్లు పేలుతుందన్నది అందరూ చెప్పే మాట. పడుకోగలగడం అంతకంటే పెద్ద మార్పని నా నమ్మకం. ఎందుకంటే పడుకున్నవాడు తన ఆఫీసరుకి కూడా కనిపించడు. వరసలో భుజం భుజం రాసుకుంటూ నిలబడి, "ఫైర్" అన్నప్పుడే పేల్చే మనిషి ఒకడు. గడ్డిలో ఒంటరిగా పడుకుని తనకి తోచినప్పుడు పేల్చే మనిషి ఇంకొకడు. ఆ రెండోవాణ్ణి సైన్యాలు అంతవరకు పెద్దగా చూడలేదు.

1840లో, అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా ప్రభుత్వం 60,000 తుపాకులకి ఆర్డరిచ్చింది. సంగతి బయటికి పొక్కకుండా వాటికి 'తేలికపాటి పెర్కషన్ తుపాకి, 1841 మోడల్' అని ఆనాటి మామూలు తుపాకులకుండే పేరే పెట్టారు. ఆయుధశాలల్లో దాచారు. 1848 జూన్‌లో బెర్లిన్ జనం తిరగబడి ఆయుధశాల పగలగొట్టినప్పుడు వాటిలో కొన్ని వీధుల్లోకి వచ్చేశాయి, రహస్యం కాస్తా తుస్సుమంది. తరవాత యూరప్‌లో అందరికీ దీని గురించి తెలుసు. తెలిసి కూడా చాలామంది వద్దనుకున్నారు. గాలి కారుతుంది, సూది విరుగుతుంది అనేవి పైకి చెప్పిన కారణాలు, అవి నిజమే. వాటి పక్కనే ఇంకోటి పదేపదే వినిపించేది: సిపాయి గాభరాలో నిమిషాల్లో సంచీ ఖాళీ చేసేస్తాడు, తరవాత ఏం చేస్తాం? ప్రష్యా సిపాయి మోసే తూటాలు అరవై దాకా. నిమిషానికి ఐదు చొప్పున పేలిస్తే పన్నెండు నిమిషాలు. ఆ లెక్క చూస్తే భయం మరీ అర్థంలేనిదని నేననను.

భయపడనివాళ్ళకి ఏమైందో చూద్దాం. 1864 జూలై 3న డెన్మార్క్‌లోని లుండ్‌బీ దగ్గర ఒక డేనిష్ కంపెనీ బాయినెట్లు ముందుకి పెట్టి, గుంపుగా వాలు దిగుతూ ప్రష్యన్ల మీదికి వచ్చింది. ప్రష్యన్లు నూరుమందికి కాస్త ఎక్కువ, ఒక మట్టిగట్టు వెనక ఉన్నారు. కొద్ది నిమిషాల్లో డేనులు సగం మందిదాకా పడిపోవడమో పట్టుబడడమో జరిగింది. ప్రష్యన్లలో ముగ్గురికి గాయాలు. సరిగ్గా రెండేళ్ళకి, అదే తేదీన, 1866 జూలై 3న బొహీమియాలోని కోనిగ్రాట్స్. అక్కడ ఆస్ట్రియా, దాని మిత్రులు పోగొట్టుకున్నది ఖైదీలతో కలిపి నలభై వేల పైచిలుకు. ప్రష్యా తొమ్మిది వేలు. నిజానికి ఆస్ట్రియా దగ్గరున్న లోరెంజ్ తుపాకి దూరం కొట్టడంలో సూది తుపాకి కంటే మెరుగు. కానీ నిలబడి దట్టించుకోవాలి. పైగా వాళ్ళ సైన్యం బాయినెట్ దాడినే నమ్ముకుని బారులు తీరి నడిచొచ్చింది. కోనిగ్రాట్స్‌ని సూది తుపాకే గెలిపించిందని చాలాచోట్ల ఉంటుంది. నేను అంతదూరం వెళ్ళను. రైళ్ళు, ప్రష్యా సేనాని మోల్ట్‌కే పథకం, మూడు సైన్యాలు వేరువేరు దారుల్లో వచ్చి ఒకేచోట కలవడం, ఇవన్నీ ఉన్నాయి.

అంతదూరం ఎందుకు వెళ్ళనంటే, నాలుగేళ్ళకే ఆ వాదన తలకిందులైంది. ఫ్రాన్స్ 1866లోనే షాస్పో రైఫిల్ తీసుకుంది. అదీ సూదే, కానీ బోల్ట్ మూతికి రబ్బరు రింగు వేసి గాలి కారకుండా చేశారు. గుండు 11 మిల్లీమీటర్లు, ప్రష్యా దానికంటే సన్నం. దూరం దాదాపు రెట్టింపు. 1870 ఆగస్టు 18న సాఁ ప్రీవా ఊరి ముందు బోడి పొలాల్లో నడిచొచ్చిన ప్రష్యన్ గార్డు దళం ఒక్క సాయంత్రంలో ఎనిమిది వేల మందిని పోగొట్టుకుంది. అయినా ఫ్రాన్స్ ఓడిపోయింది. రెండు వారాల తరవాత సెడాన్‌లో చక్రవర్తే ఖైదీ అయ్యాడు. ప్రష్యా దగ్గర క్రప్ ఉక్కు ఫిరంగులు ఉన్నాయి, షాస్పోలకి అందనంత దూరం నుంచి కాల్చాయి. మంచి రైఫిల్ ఉన్నవాడే గెలుస్తాడనేవాళ్ళు ఈ యుద్ధం పేరెత్తరు.

మన విషయానికొస్తే, ఆ యుద్ధంలో రెండు పక్షాల వాదనకీ సాక్ష్యం దొరికింది. షాస్పో సిపాయిలు మైలు దూరం నుంచే కాల్చడం మొదలెట్టేవారు, సంచీలు తొందరగా అయిపోయేవి. చూశారా, మేం ముందే చెప్పాం అన్నారు పెద్దలు. సాఁ ప్రీవా పొలాలు చూసినవాళ్ళు ఆ మాట అనలేకపోయారు.

తరవాతి ఇరవై ఏళ్ళు గబగబా నడిచాయి. కాగితం పోయి ఇత్తడి తూటా వచ్చింది. జర్మనీ 1871 మోడల్ మౌజర్ తీసుకుంది. నెకార్ నది ఒడ్డున ఒబెర్న్‌డార్ఫ్ అనే ఊళ్ళో తుపాకులు చేసే ఇంట్లో పుట్టిన విల్‌హెల్మ్, పాల్ అనే అన్నదమ్ముల పని అది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ పొగరాని మందు తయారుచేశాడు, 1886లో దాంతో లెబెల్ రైఫిల్ వచ్చింది, మిగతా దేశాల తుపాకులన్నీ రాత్రికి రాత్రి పాతసామాను అయిపోయాయి. పొగ లేకపోవడం గురించి వేరే వ్యాసమే రాయొచ్చు. ఇక్కడ నాక్కావలసింది మేగజైన్.

ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకునే బదులు, ఐదో పదో ముందే తుపాకిలో నింపి ఉంచడం. సైన్యమంతటికీ బోల్ట్‌తోపాటు మేగజైన్ ఉన్న రైఫిల్ మొదట ఇచ్చింది ఎవరో తెలుసా? ప్రష్యా కాదు, ఫ్రాన్స్ కాదు, బ్రిటన్ కాదు. స్విట్జర్లాండ్, 1869 మోడల్ వెటర్లి రైఫిల్. గొట్టం కింద ఇంకో గొట్టం, అందులో పదికి పైగా తూటాలు. అక్కడి సైన్యమంటే ఊళ్ళో గడియారాలు చేసుకునేవాడు, పాలు పితుక్కునేవాడు. పిలిస్తే వస్తాడు. తుపాకి ఇంట్లో గోడకే వేలాడుతుంది. తన ఇంట్లో తన తుపాకి పెట్టుకునే మనిషికి మేగజైన్ ఇవ్వడానికి ప్రభుత్వం భయపడాల్సిన పనేముంది? దీని మీద నా వాదనంతా నిలబెట్టను గానీ, కాకతాళీయం అని కొట్టిపారేయను కూడా.

పెద్ద సైన్యాలు కదలడానికి 1877లో ప్లెవ్నా కావలసివచ్చింది. బల్గేరియాలోని ఆ ఊరి చుట్టూ తవ్విన కందకాల్లో టర్కీ సిపాయిలు దూరానికి పీబాడీ రైఫిళ్ళు, దగ్గరికి వస్తే వించెస్టర్ తుపాకులు వాడారు. వించెస్టర్ బోల్ట్‌ది కాదు, కింద లీవర్ తిప్పేది. దానికి మేగజైన్ ఉంది. తూటాల పెట్టెలు మూతలు తీసి మనిషి పక్కనే పెట్టారు, ఎవరూ లెక్క అడగలేదు. జూలై 30న దాడికి వచ్చిన రష్యన్లలో ఏడు వేల మందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఆ తరవాత మేగజైన్ వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వద్దనలేదు, సరే. ఇచ్చిన తీరు చూడండి.

స్కాట్లాండ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన జేమ్స్ ప్యారిస్ లీ 1879లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. బోల్ట్ కింద రేకు డబ్బా, అందులో స్ప్రింగు, దానిమీద తూటాలు. డబ్బా ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. బ్రిటన్ 1888లో ఇదే డబ్బాతో లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ తీసుకుంది. మనం త్రీనాట్‌త్రీ అనే తూటా దానితోనే మొదలు. మొదట ఎనిమిది పట్టేవి, తరవాత పది. ఊడొచ్చే డబ్బా కదా, సిపాయికి రెండు మూడు అదనంగా ఇస్తారని అనుకుంటాం. ఇవ్వలేదు. ఉన్న ఒక్కదాన్ని చిన్న గొలుసు లింకుతో తుపాకికి కట్టేశారు, పారేసుకుంటాడని. బ్యాంకు కౌంటర్ దగ్గర పెన్నుకి దారం కట్టి ఉంటుంది చూడండి, అచ్చం అలాగే.

అక్కడితో ఆగలేదు. డబ్బాకి పైన, బోల్ట్‌కి కింద, పక్కనుంచి లోపలికి జరిగే పల్చటి ఉక్కు రేకు ఒకటి పెట్టారు. పేరు కటాఫ్. మనకి కటాఫ్ అంటే ఎంసెట్ ర్యాంకులే గుర్తొస్తాయి, ఇదీ అలాంటిదే, లోపలికి రానివ్వకుండా ఆపేది. ఈ రేకు లోపలికి తోస్తే డబ్బాలో పది తూటాలున్నా ఒక్కటీ పైకి రాదు. సిపాయి సంచీలోంచి ఒక్కొక్కటే తీసి, రేకు మీద పెట్టి, బోల్ట్ తోసి పేల్చుకోవాలి. డబ్బాలోవి ఆఫీసరు చెప్పినప్పుడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే. ఇరవయ్యేళ్ళు కష్టపడి మేగజైన్ కనిపెట్టి, దానికి మూత వేసి, మళ్ళీ 1841 నాటి పద్ధతిలోనే వాడమన్నారు. ఫ్రాన్స్ లెబెల్‌లోనూ ఇలాంటి మీట ఉంది, అమెరికా క్రాగ్‌లోనూ ఉంది. ఒక్క దేశపు చాదస్తం అయితే నేనింత రాసేవాణ్ణి కాదు.

ఈ వాదన మా పెదనాన్న ముందు పెట్టి దెబ్బతిన్నాను. ఆయన ఆర్మీలో చేసి రిటైరయిన మనిషి, త్రీనాట్‌త్రీ మోసినవాడు. నేను కటాఫ్ గురించి వేడివేడిగా చెబుతుంటే తమలపాకుకి సున్నం రాస్తూ విన్నాడు.

"ఒరేయ్, రాత్రి చీకట్లో ఏదో కదిలిందని కొత్త కుర్రాడు ఒక్కడు పేలుస్తాడు. పక్కవాడు పేలుస్తాడు. ఐదు నిమిషాల్లో కంపెనీ అంతా పేలుస్తుంది. తెల్లారి చూస్తే అక్కడ ఉన్నది గేదె. మరి తెల్లారాక నిజంగా వాళ్ళొస్తే ఏం పెట్టి కాలుస్తావు, నీ బ్లాగా?"

"అది కాదు పెదనాన్నా, మనిషిని నమ్మకపోతే..."

"నమ్మకం సంగతి తరవాత. కొండమీదికి తూటాల పెట్టె ఎవడు మోసుకొస్తాడో అది చెప్పు ముందు."

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరవాత ఆలోచిస్తే తోచింది ఇది. పెదనాన్న చెప్పిన లెక్క సిపాయి బుర్రలో ఉండే లెక్క. ఎన్ని పేల్చాను, ఎన్ని మిగిలాయి, ఎప్పుడు ఆపాలి అని. అది నేర్పితే వస్తుంది. కటాఫ్ రేకు, నేర్పడం మానేసి పెట్టిన తాళం. రెండూ తూటాలు మిగల్చడానికే అయినా ఒకటి కాదు. దీనికి సాక్ష్యం బ్రిటిష్ సైన్యమే ఇచ్చింది.

దక్షిణాఫ్రికాలో 1899లో బ్రిటన్‌కి బోయర్ రైతులతో (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్ళు) యుద్ధం వచ్చింది. వాళ్ళ చేతుల్లో మౌజర్లు. ఐదు తూటాలు ఒక రేకు పట్టీకి గుచ్చి ఉంటాయి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే ఐదూ లోపలికి. బ్రిటిష్ సిపాయి ఒక్కొక్కటే పెట్టుకుంటున్నాడు. కొలెన్సో, స్పియన్ కాప్ దగ్గర దెబ్బ మీద దెబ్బ తగిలింది. ఆ రెండుచోట్లా క్షతగాత్రులని డోలీల మీద మోసినవాళ్ళలో గాంధీ కూడగట్టిన 1,100 మంది భారతీయుల దళం ఉంది. అందులో ఎక్కువమంది నేటాల్ చెరకుతోటల్లో పనిచేసే ఒప్పంద కూలీలు. మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్‌కి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. త్రీనాట్‌త్రీకీ మౌజర్‌కీ తేడా ఏమిటో స్ట్రెచర్ బరువులో తెలుసుకున్నవాళ్ళు మనవాళ్ళలోనూ ఉండే ఉంటారు.

ఆ యుద్ధం తరవాత బ్రిటన్ బుద్ధి తెచ్చుకుంది. లీ-మెట్‌ఫర్డ్ తరవాత వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని పొట్టి చేసి, ఐదేసి తూటాల పట్టీతో నింపే ఏర్పాటు పెట్టింది. అంతకంటే ముఖ్యంగా సిపాయికి కూర్చోబెట్టి నేర్పింది. 300 గజాల దూరంలో గురి, నిమిషానికి పదిహేను తూటాలు, అన్నీ టార్గెట్‌కి తగలాలి. 1914 ఆగస్టు 23న బెల్జియంలోని మోన్స్ కాలువ గట్టు మీద ఆ నేర్పు బయటపడింది. ఎదురుగా ఉన్న జర్మన్లు మెషీన్‌గన్లు అనుకున్నారని ఒక కథ ఉంది. ఎంతవరకు నిజమో గానీ, అలాంటి కథ పుట్టడమే ఒక సర్టిఫికెట్. ఆ తుపాకులకి కటాఫ్ రేకు ఇంకా ఉంది, కానీ ఎవరికీ అక్కర్లేకపోయింది. 1916 ప్రాంతంలో తుపాకులు తొందరగా తయారుచేయాల్సి వచ్చినప్పుడు ఫ్యాక్టరీలు మొదట పీకేసిన వాటిలో అదొకటి.

ఇంతవరకు తెల్ల సిపాయి కథ. ఆయన్నే నమ్మనివాళ్ళు మనల్నెలా నమ్ముతారు?

1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి ఆవుకొవ్వు, పందికొవ్వు పూశారన్న మాట పుట్టింది. తరవాతిది అందరికీ తెలిసిందే. అణిచేశాక కంపెనీ పోయి రాణి ప్రభుత్వం వచ్చింది, కొత్త కట్టుబాట్లు వచ్చాయి. అందులో ఒకటి: భారతీయ సిపాయి చేతిలో ఎప్పుడూ తెల్ల సిపాయి తుపాకి కంటే ఒక తరం పాతది ఉండాలి. తెల్లవాళ్ళకి మార్టిని-హెన్రీ వస్తే మనవాళ్ళకి స్నైడర్. తెల్లవాళ్ళకి లీ-మెట్‌ఫర్డ్ బోల్ట్ రైఫిల్ వస్తే మనవాళ్ళకి వాళ్ళు వదిలేసిన మార్టిని. అన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టు. కాకపోతే ఇక్కడ తమ్ముడు ఎప్పటికీ పెద్దవాడు కాకూడదు. 1914లో భారత దళాలు ఫ్రాన్స్‌లో మార్సెయ్ రేవులో దిగాక పాత రైఫిళ్ళు తీసుకుని కొత్తవి చేతికిచ్చారు. ఇన్నేళ్ళూ ఇవ్వనిది యుద్ధం మధ్యలో ఇచ్చి, వెంటనే కందకాల్లోకి పంపారు.

ఎనిమిదేళ్ళకి, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో, అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడ్డారు. మొత్తం 26 తుపాకులు తీసుకెళ్ళారు. ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు తీసుకున్నదీ స్టేషన్ రికార్డులో రాసి రాజు సంతకం పెట్టాడని చిన్నప్పటినుంచి వింటున్నదే. ఎన్‌సీసీ గడ్డిలో పాకిన రోజు నుంచి ఆ సంతకం సంగతి నాకు వేరేలా వినిపిస్తుంది. సర్కారు ప్రాణం ఎక్కడుందో ఆయనకి బాగా తెలుసు.

ఇక చివరిది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పోలీసుల కోసం, జైలు వార్డర్ల కోసం ఒక తుపాకి చేశారు. దూరం నుంచి చూస్తే అచ్చం త్రీనాట్‌త్రీ. అదే కర్ర, అదే బోల్ట్, అదే నాలుగు కదలికలు. మస్కెట్ అనేవారు, ఫోర్‌టెన్ బోరు. రైఫిల్ గొట్టం లోపల గుండుని తిప్పి సూటిగా పంపే మెలి గాళ్ళుంటాయి, దీనికి ఉండవు. నున్నటి గొట్టం, దూరం పోదు, గురి అంతంతమాత్రం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇవి చాలాకాలం ఖాకీ భుజాల మీద ఉన్నాయి. దీని బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగి పైనుంచి లోపలికి చూస్తే, లీ డబ్బా ఉండాల్సిన చోట, స్ప్రింగు పైకి నెట్టే తూటాలు కనిపించాల్సిన చోట, కొలతకి చెక్కి బిగించిన చెక్క దిమ్మ ఉంటుంది. దాని మీద ఒక్క తూటా పెట్టుకోవాలి.